కనపడే దెబ్బ, కనపడని కాపలా

మొన్న ఆగస్టులో డాలస్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. తొమ్మిదో తరగతిలోకి వచ్చాడు. స్కూల్ ఫుట్‌బాల్ జట్టులో చోటు దొరికిందట. "మామా, కోచ్ నన్ను సేఫ్టీగా ఆడమన్నాడు!" అన్నాడు. వాడి గొంతులో సంబరం విని నాకూ సంబరమేసింది. ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకి వరసగా ఆరు వీడియోలు పంపాడు. ఆరూ ఒకటే రకం. బంతి అందుకోడానికి గాల్లోకి లేచిన మనిషి, ఎక్కణ్ణుంచో దూసుకొచ్చే ఇంకో మనిషి, ఒక చప్పుడు, హెల్మెట్ ఊడి దొర్లడం, జనం కేకలు. ఆఖర్న ఒక ప్రశ్న: "వీళ్ళందర్లో బెస్ట్ సేఫ్టీ ఎవరు మామా?"

ఆ ఆరిట్లో నాలుగు నాకు బాగా తెలిసినవే. 2011లో ఎమ్మెస్ చదవడానికి మేరీలాండ్ వచ్చిన కొత్తలో, ఆట రూల్స్ ఒక్కటీ తెలియని రోజుల్లో, నలుగురం రూమ్మేట్లం పప్పన్నం తింటూ పదేపదే చూసినవి ఇలాంటి వీడియోలే. ఆట అర్థం కాకపోయినా దెబ్బ అర్థమయ్యేది. దానికి ఎవరూ వివరణ ఇవ్వక్కర్లేదు. అంచేత వాడికి నీతులు చెప్పే అర్హత నాకు లేదు. కానీ వాడి ప్రశ్నకి ఫోన్లో ఏదో దాటవేశానే గాని జవాబు చెప్పలేదు. "నువ్వు పంపిన వాటిల్లో వాళ్ళ ఆట సగం కూడా లేదురా" అంటే ఎందుకో చెప్పాలి. అది ఫోన్లో అయ్యే పని కాదు.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. బంతి ఉన్న జట్టులో క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరితే రిసీవర్లు పరిగెత్తి అందుకుంటారు. అవతలి జట్టులో అందరికంటే వెనక నిలబడే ఇద్దరు సేఫ్టీలు. క్రికెట్లో బౌండరీ తాడు దగ్గరి ఫీల్డర్ లాంటి వాళ్ళు. వాళ్ళని దాటితే వెనక ఇంకెవరూ లేరు. సేఫ్టీకి పనులు రెండు. బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం ఒకటి. అసలు బంతి అటు రాకుండా, వచ్చినా అవతలివాడి చేతికి చిక్కకుండా చూడటం రెండోది. దీన్నే కవరేజ్ అంటారు. అభిమానులు ఎప్పట్నుంచో వాదించుకునే వాదన ఇదే: కొట్టేవాడు కావాలా, కాచేవాడు కావాలా?

ఈ వాదనలో రెండు పక్షాలూ సమానమైన నేల మీద నిలబడిలేవని నా అభిప్రాయం. కొట్టడం కళ్ళకి కనిపిస్తుంది. కాయడం కనిపించదు. మనం దేన్ని చూడగలమో దాన్నే గొప్పదంటాం. అలా అన్నందుకు ఎవరో ఒకరు తమ ఒంటితో మూల్యం చెల్లిస్తారు.

*

ఈ ఆట చరిత్రలో అందరికంటే ఎక్కువసార్లు చూపించిన ఘట్టం 1972 డిసెంబరు 23న పిట్స్‌బర్గ్‌లో జరిగింది. ఓక్లండ్ రైడర్స్ 7, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 6. ఇంకా 22 సెకన్లే ఉన్నాయి. పిట్స్‌బర్గ్‌ది నాలుగో ప్రయత్నం, అంటే ఆఖరి అవకాశం. బంతి నేలమీద పడితే చాలు, ఓక్లండ్ గెలిచినట్టే. టెర్రీ బ్రాడ్‌షా బంతిని ఫ్రెంచీ ఫుక్వా వైపు విసిరాడు. బంతి, ఫుక్వా, ఓక్లండ్ సేఫ్టీ జాక్ టాటమ్ ముగ్గురూ ఒకే చోటికి ఒకేసారి చేరారు. టాటమ్ తనకి అలవాటైన పద్ధతిలో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఫుక్వాని గుద్దాడు. ఆ తాకిడికి బంతి ఎగిరి కొన్ని గజాలు వెనక్కి పోయింది. అటు పరిగెత్తుకొస్తున్న ఫ్రాంకో హారిస్ దాన్ని దాదాపు నేలని తాకబోతుండగా అందుకుని గోల్ లైన్ దాకా పరిగెత్తేశాడు. పిట్స్‌బర్గ్ 13-7తో గెలిచింది. ప్లేఆఫ్స్‌లో ఆ జట్టుకి అదే మొట్టమొదటి గెలుపు.

బంతి ఎవరిని తాకి ఎగిరింది, అప్పటి రూల్స్ ప్రకారం అది చెల్లుతుందా అని యాభై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. నాకు ఆ గొడవ కంటే టాటమ్ ఎంచుకున్నది ఆసక్తిగా ఉంటుంది. ఆ క్షణాన అతను చెయ్యాల్సింది చాలా చిన్న పని. చెయ్యి చాపి బంతిని కిందికి కొడితే సరిపోయేది. అదీ కాకపోతే బంతి పట్టుకోనిచ్చి అక్కడికక్కడ కింద పడేసినా గడియారమే మిగతాది చూసుకునేదేమో. అంత పెద్ద దెబ్బ ఆ క్షణానికి అక్కర్లేదు. ఇది తర్వాత కూర్చుని అనే మాటే అని నాకు తెలుసు. రిసీవర్‌ని గట్టిగా గుద్దితే బంతి జారుతుందన్నది ఆనాటి కోచ్‌లందరూ నేర్పిన పాఠమే. టాటమ్ మంచి విద్యార్థి. చిక్కల్లా ఏమిటంటే జారిన బంతి ఎటు పోతుందో దెబ్బకి తెలియదు.

టాటమ్ కథ అక్కడితో ఆగిపోయి ఉంటే బావుండేది. 1978 ఆగస్టు 12న ఓక్లండ్‌లో ఒక ప్రీసీజన్ ఆట. అంటే లెక్కలోకి రాని ఆట, ఉత్త ప్రాక్టీసు. న్యూ ఇంగ్లండ్ రిసీవర్ డారిల్ స్టింగ్లీ మైదానం మధ్యగా అడ్డంగా పరిగెత్తుతూ బంతి కోసం దూకాడు. బంతి అందలేదు. టాటమ్ అందాడు. స్టింగ్లీ వెన్నెముక మెడ దగ్గర దెబ్బతింది. అప్పటికి అతనికి 26 ఏళ్ళు. ఆ తర్వాత 2007లో చనిపోయేదాకా చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. ఆ దెబ్బకి అంపైర్లు జెండా కూడా విసరలేదు. రూల్స్ ప్రకారం అందులో తప్పేమీ లేదు.

ఇది జరిగిన రెండేళ్ళలోపే టాటమ్ ఆత్మకథ వచ్చింది. పేరు 'దే కాల్ మీ అసాసిన్'. నన్ను హంతకుడంటారు అని. పుస్తకం చదువుతుంటే ఇబ్బందిగా ఉంటుంది. మనిషి అబద్ధమాడుతున్నాడని కాదు, దాచుకోకుండా చెప్తున్నాడని. తన మంచి దెబ్బలు నేరం అంచుదాకా వెళ్తాయని చెప్పుకుంటాడు. జట్టులో ఇంకో ఆటగాడితో కలిసి వేసుకున్న పందెం గురించి చెప్తాడు. అవతలివాడు స్పృహ తప్పితే కొన్ని పాయింట్లు, కుంటుకుంటూ బయటికి పోతే కొన్ని పాయింట్లు. స్టింగ్లీకి జరిగినదానికి బాధపడ్డాడు గాని, తన ఆటలో తప్పు జరిగిందని ఎక్కడా ఒప్పుకోడు. ఇద్దరూ మళ్ళీ ఎన్నడూ ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడుకోలేదు. 2010లో టాటమ్ కూడా పోయాడు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. టాటమ్ తన కెరీర్‌లో 37 ఇంటర్సెప్షన్లు చేశాడు. అంటే అవతలివాళ్ళ కోసం విసిరిన బంతిని 37 సార్లు తను పట్టుకున్నాడు. తర్వాతి తరంలో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళిన బ్రయన్ డాకిన్స్‌వీ సరిగ్గా 37. టాటమ్‌కి కాయడం రాదన్నవాళ్ళు ఆట చూసినవాళ్ళు కారు. అయినా అతని పేరు చెప్తే ఒక్కరికీ ఆ 37 గుర్తురావు. పుస్తకం పేరుకి కూడా అవి పనికిరాలేదు. తన ఆటలో సగాన్ని తనే అట్ట మీదనుంచి చెరిపేసుకున్నాడు. ఎందుకంటే కొనేవాళ్ళకి కావల్సింది ఆ రెండో సగం.

*

కొనేవాళ్ళని అలా తయారుచేసింది కెమెరా. టీవీలో ఆట చూస్తే ప్రధాన కెమెరా బంతి వెంట ఉంటుంది. బంతి కదిలే క్షణానికి సేఫ్టీలు ఫ్రేములోనే ఉండరు, ఇంకా వెనక ఉంటారు. క్వార్టర్‌బ్యాక్ విసిరాక కెమెరా బంతి వెనక పరిగెడుతుంది. బంతి దిగే చోటికి కెమెరా చేరేసరికి సేఫ్టీ పిడుగులా ఊడిపడతాడు. నిజానికి ఊడిపడలేదు. మూడు సెకన్లనుంచీ అడుగులేస్తున్నాడు. మనకి చూపించలేదు, అంతే. దెబ్బ అంత అద్భుతంగా ఉండటానికి సగం కారణం దాని ముందు జరిగింది కత్తిరించెయ్యడం.

దానికి శబ్దం కూడా తోడైంది. 1990 సెప్టెంబరు 17న డెన్వర్ సేఫ్టీ స్టీవ్ ఆట్వాటర్, కాన్సస్ సిటీ రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ ఒకోయేని ఢీకొన్నాడు. ఒకోయే నైజీరియా మనిషి, 260 పౌండ్లు. అంతకుముందు ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తినవాడు. అలాంటివాణ్ణి ఎదురుగా వచ్చి నిలువునా ఆపేశాడు ఆట్వాటర్. ఆ రాత్రి ఆట్వాటర్ ఒంటిమీద మైక్ ఉంది. అందుకని దెబ్బ తర్వాత అతను అరిచిన అరుపు కూడా మనకి మిగిలింది. ఆట్వాటర్ 2020లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు. ఆ వార్త వచ్చినప్పుడు ఎక్కడ చూసినా ఆ ఒక్క దెబ్బే వేశారు. పదకొండు సీజన్ల ఆట మూడు సెకన్లకి కుదించుకుపోయింది. లీగ్ కూడా తక్కువ తినలేదు. లీగ్ సొంత చిత్ర విభాగం దెబ్బలన్నీ ఏరి క్యాసెట్లు అమ్మింది. 2000ల నడుమ ఒక పెద్ద క్రీడా ఛానెల్ వారం వారం ఐదు పెద్ద దెబ్బల్ని ఎంచి, యాంకర్లందరూ ఒక్క గొంతుతో కేరింతలు కొట్టే కార్యక్రమం నడిపింది. మా రూమ్మేట్లు, నేను యూట్యూబ్‌లో చూసినవి చాలావరకు దాని ముక్కలే.

ఇరవై రెండు మందీ ఒకే ఫ్రేములో కనపడేలా పైనుంచి తీసే ఫిల్మ్ ఇంకొకటి ఉంది. కోచ్‌లు చూసేది అదే. చాలా ఏళ్ళు అది జట్లకే పరిమితం. 2012లో లీగ్ దాన్ని డబ్బు కట్టిన ప్రేక్షకులకి కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. ఉద్యోగం వచ్చాక నేను కట్టిన మొదటి పనికిమాలిన చందా అదే. మొదటి గంట నిద్రొచ్చింది. వ్యాఖ్యానం లేదు, క్లోజప్ లేదు, చప్పుడు లేదు. చీమల్లాంటి మనుషులు. రెండో గంటలో నాకు బాల్టిమోర్ రేవెన్స్ సేఫ్టీ ఎడ్ రీడ్ కనపడటం మొదలైంది.

రీడ్‌ని నేను అప్పటికే చూశాను. 2013 ఫిబ్రవరి 3న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన సూపర్ బౌల్ రాత్రి మా అపార్ట్‌మెంట్ అంతా ఒకే టీవీ ముందు ఉంది. రెండో క్వార్టర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ కాలిన్ కేపర్నిక్ విసిరిన బంతి వచ్చి రీడ్ చేతుల్లో పడింది. "లక్కీ ఫెలో, తిన్నగా వాడికే వేశాడు" అన్నాడు మా రూమ్మేట్. నేనూ తలూపాను. రీడ్ మొత్తం 64 ఇంటర్సెప్షన్లు చేశాడు. వాటిని పట్టుకుని 1,590 గజాలు వెనక్కి పరిగెత్తాడు. అది లీగ్ రికార్డు. 2008లో ఫిలడెల్ఫియా మీద తన గోల్ లైన్ లోపల బంతి పట్టుకుని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి 107 గజాలు పరిగెత్తింది ఇంకో రికార్డు. మనిషికి అదృష్టం 64 సార్లు పట్టదు.

పైనుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. రీడ్ ఒక పక్కకి జరుగుతున్నట్టు భుజాలు తిప్పుతాడు. క్వార్టర్‌బ్యాక్ అది చూసి, సరే రెండో పక్క ఖాళీ అనుకుంటాడు. నిజానికి రీడ్ ఒంటి బరువు ఆ రెండో పక్కనే ఉంటుంది. బంతి చేతిలోంచి విడిచే లోపే రీడ్ అటు కదిలిపోయి ఉంటాడు. అంటే ఆ ఖాళీని రీడే తయారుచేశాడు. ఆ జట్టు ఏ పరిస్థితిలో ఏ పని చేస్తుందో వారమంతా ఫిల్మ్ చూసి వచ్చినవాడికే అది సాధ్యం. న్యూ ఇంగ్లండ్ కోచ్ బిల్ బెలిచిక్ 2009 సీజన్ మీద తీసిన డాక్యుమెంటరీలో ఒక దృశ్యముంది. ఈ ఆటలో అందరికంటే గొప్ప కోచ్ అని చాలామంది అనే మనిషి, అందరికంటే గొప్ప క్వార్టర్‌బ్యాక్ అని చాలామంది అనే టామ్ బ్రేడీ, ఇద్దరూ ఒక గదిలో కూర్చుని ఈ ఒక్క సేఫ్టీని ఏం చెయ్యాలా అని తలలు పట్టుకుంటారు. అది రీడ్‌కి దొరికిన అతి పెద్ద సన్మానమని నాకనిపిస్తుంది. అందులో రీడ్ ఎవర్నీ కొట్టడు.

దెబ్బలో కర్త, కర్మ, క్రియ మూడూ ఒకే ఫ్రేములో ఉంటాయి. వాడు వీణ్ణి కొట్టాడు. వాక్యం పూర్తయింది. కవరేజ్ అంతా వ్యతిరేక క్రియల్లోనే నడుస్తుంది. అటు వెయ్యలేదు. వాడు ఖాళీగా దొరకలేదు. ఆ ప్లే అసలు పిలవలేదు. ఇలాంటి వాక్యాలతో హైలైట్స్ వీడియో చెయ్యడం కుదరదు. ఇంటర్సెప్షన్ ఒక్కటే ఎప్పుడైనా కాపలావాడి పనిని కళ్ళకి కట్టేది. అదీ క్వార్టర్‌బ్యాక్ మోసపోతేనే. మోసపోకుండా, భయపడి అటు వెయ్యడమే మానేస్తే అంకెల్లో సున్నా పడుతుంది.

మా పనిలోనూ ఇదే తంతు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి, మూడు గంటలు కష్టపడి నిలబెట్టినవాడికి మర్నాడు అందరూ చప్పట్లు కొడతారు. అది పడకుండా ఆరు నెలల కింద నాలుగు లైన్లు మార్చినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఇది అనుభవం మీద చెప్తున్న మాట. రెండు రకాల చప్పట్లలో నేను ఒకటే ఎరుగుదును, అది కూడా నాకు రావాల్సింది కాదు.

*

ఇక్కడ ఆపేస్తే ఈ వ్యాసం కాపలావాళ్ళ సంఘం తీర్మానంలా ఉంటుంది. కొట్టేవాళ్ళ పక్షం వాదన కూడా నిజాయితీగా వినాలి.

వాళ్ళనేది ఇది: భయం కూడా కాపలాయే. మైదానం మధ్యలోకి వస్తే ఎముకలు విరుగుతాయని తెలిసిన రిసీవర్ చేతులు పూర్తిగా చాపడు. ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను సేఫ్టీ మీద పెడతాడు. ఒక్కసారి గట్టిగా కొడితే ఆ తర్వాత పది బంతులకి అది పనిచేస్తుంది. కాబట్టి దెబ్బ వృథా ప్రదర్శన కాదు, పెట్టుబడి.

దీనికి అందరూ చూపించే సాక్ష్యం సియాటిల్. 2010లో సియాటిల్ సీహాక్స్ ఇద్దరు సేఫ్టీలని తెచ్చుకుంది. ఎర్ల్ థామస్ మొదటి రౌండ్లో, కామ్ చాన్సలర్ ఐదో రౌండ్లో. థామస్ చిన్న మనిషి, వెనక మైదానమంతా తనే చూసుకోగలడు. చాన్సలర్ ఆరడుగుల మూడంగుళాలు, లైన్‌బ్యాకర్ అంత ఒళ్ళు. 2012 నుంచి 2015 దాకా వరసగా నాలుగేళ్ళు లీగ్‌లో అందరికంటే తక్కువ పాయింట్లిచ్చింది ఆ జట్టే. 2014 ఫిబ్రవరి 2న సూపర్ బౌల్. ఎదుట డెన్వర్, ఆ సీజన్లో 606 పాయింట్లతో లీగ్ రికార్డు కొట్టిన జట్టు. ఆట మొదట్లోనే డెన్వర్ రిసీవర్ డిమేరియస్ థామస్ ఒక పొట్టి పాస్ అందుకుని అడ్డంగా వస్తుంటే చాన్సలర్ ఎదురొచ్చి గుద్దాడు. థామస్ వెనక్కి ఎగిరి పడ్డాడు. ఆ రోజు నేను కుర్చీలోంచి లేచి అరిచాను. ఆట అక్కడే అయిపోయిందన్నారు అందరూ. 43-8తో సియాటిల్ గెలిచింది. ఆ ఒక్క దెబ్బతో డెన్వర్ బెదిరిపోయిందన్నది ఈనాటికీ చెప్పే కథ.

కథ బావుంది. కానీ ఒక్క అంకె దానికి అడ్డం పడుతుంది. ఆ దెబ్బ తిన్న డిమేరియస్ థామస్ అదే ఆటలో 13 పాస్‌లు అందుకున్నాడు. అప్పటికి సూపర్ బౌల్స్‌లో అది రికార్డు. బెదిరినవాడు పదమూడు పట్టడు. మరి డెన్వర్ ఎందుకు ఓడింది? పట్టినవన్నీ పొట్టివి. పదమూడు పట్టినా మొత్తం 118 గజాలే. పైకి వెయ్యడానికి వీల్లేకుండా వెనక ఎర్ల్ థామస్ కాపలా ఉన్నాడు. పట్టినవాణ్ణి పట్టినచోటే పడేశారు. ఆ చాన్సలరే మొదటి క్వార్టర్‌లో పేటన్ మానింగ్ విసిరిన బంతిని అందుకున్నాడు కూడా. అంటే ఆ రాత్రి జట్టుని గెలిపించినవాటిలో చాన్సలర్ దెబ్బ కంటే అతని కవరేజ్ పెద్దది. వెనక థామస్ లాంటివాడు కాపలా లేకపోతే చాన్సలర్ అంత ముందుకి వచ్చి కొట్టే వీలే ఉండదు. తప్పిపోతే వెనక ఎవరూ ఉండరు మరి.

తప్పిపోతే ఏమవుతుందో డాలస్ సేఫ్టీ రాయ్ విలియమ్స్‌ని చూస్తే తెలుస్తుంది. మా మేనల్లుడి ఊరి జట్టు. 2002లో మొదటి రౌండ్లో ఎనిమిదోవాడిగా తీసుకున్నారు. భీకరంగా కొట్టేవాడు. 2003 నుంచి 2007 దాకా ఐదుసార్లు ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. కాని తోడుగా ఉన్న పెద్ద సేఫ్టీ డారెన్ వుడ్సన్ గాయంతో ఆట మానేశాక విలియమ్స్ వెనక ఖాళీ బయటపడింది. అవతలి జట్లు అతను ఎక్కడున్నాడో చూసుకుని బంతి అతని తలమీదుగా వెయ్యడం మొదలుపెట్టాయి. వెనకనుంచి కాలర్ పట్టుకుని కిందికి లాగే అతని పద్ధతి వల్ల కాళ్ళు విరగడంతో 2005లో లీగ్ ఆ పద్ధతిని నిషేధించింది. అది అతని పేరుతోనే జనం నోట్లో నిలిచిపోయింది. 2009లో జట్టు అతన్ని వదిలేసింది. ఐదు ప్రో బౌల్స్‌లో చివరివి కొన్ని వచ్చింది ఆట తగ్గిపోయాక. ఓట్లేసినవాళ్ళు కూడా మనలాగే టీవీలోనే చూశారనుకుంటాను.

ఇంకో కొసన పాల్ క్రాస్ ఉన్నాడు. 81 ఇంటర్సెప్షన్లు, లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ, ఈనాటికీ. అతను ఉన్న మిన్నెసోటా జట్టు నాలుగు సూపర్ బౌల్స్ ఆడింది. కొట్టేవాడన్న పేరు మాత్రం అతనికి లేదు. 1979లో ఆట మానేస్తే హాల్ ఆఫ్ ఫేమ్‌కి పిలుపు వచ్చింది 1998లో. ఎడ్ రీడ్‌ని మాత్రం అర్హత వచ్చిన మొదటి ఏడాదే, 2019లో తీసుకున్నారు. మధ్యలో చూసే కళ్ళు కొంత మారాయని అనుకోవాలి.

*

కళ్ళు వాటంతటవే మారలేదు. 2002లో పిట్స్‌బర్గ్ పాత ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ చనిపోతే, బెనెట్ ఒమాలూ అనే డాక్టరు అతని మెదడు పరీక్షించి సీటీఈ అనే జబ్బు గుర్తించాడు. ఏళ్ళ తరబడి తలకి తగిలిన దెబ్బల వల్ల మెదడులో ఒక ప్రోటీన్ పేరుకుని మనిషి మతి, మాట, మనసు చెదిరిపోతాయి. బతికుండగా దీన్ని ఖాయంగా చెప్పే పరీక్ష లేదు. 2006లో ఆండ్రె వాటర్స్ 44 ఏళ్ళకి ఆత్మహత్య చేసుకున్నాడు. అతని మెదడులోనూ అదే ఉంది. 2011లో డేవ్ డ్యూర్సన్ 50 ఏళ్ళకి అలాగే పోయాడు, తన మెదడుని పరిశోధనకి ఇమ్మని రాసిపెట్టి. మాజీ ఆటగాళ్ళ వైకల్య దరఖాస్తుల్ని పరిశీలించే బోర్డులో సభ్యుడిగా ఉన్నవాడు డ్యూర్సన్. తను చూసిన కాగితాల్లో ఉన్న జబ్బే తనలో ఉందని అతనికి అనుమానం వచ్చింది. పరిశోధకులు అది నిజమేనన్నారు.

వాటర్స్, డ్యూర్సన్ ఇద్దరూ సేఫ్టీలు. ఇద్దరూ గట్టిగా కొట్టేవాళ్ళన్న పేరున్నవాళ్ళు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. మనం దెబ్బ చూసినప్పుడు పడిపోయినవాణ్ణే చూస్తాం. లేచి ఛాతీ కొట్టుకునేవాడికి ఏమీ కాలేదనుకుంటాం. ఇంటర్‌లో చదివిన న్యూటన్ మూడో సూత్రం ఇక్కడ గుర్తురాదు. కొట్టిన తల కూడా అంతే దెబ్బ తింటుంది. వాడు మళ్ళీ మర్నాడు ప్రాక్టీసులో కొట్టాలి, మళ్ళీ ఆదివారం కొట్టాలి.

డిమేరియస్ థామస్ 2021 డిసెంబరులో 33 ఏళ్ళకే చనిపోయాడు. అంతకుముందు కారు ప్రమాదంలో దెబ్బలు తగిలి మూర్ఛలు వచ్చేవి. తర్వాత బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు అతని మెదడులో సీటీఈ కూడా ఉందని ప్రకటించారు. ఫలానా రాత్రి ఫలానా దెబ్బ వల్ల అని ఎవరూ అనలేరు, అనకూడదు. కాని ఆ రాత్రి లేచి నిలబడి అరిచినవాడిగా నాకు ఆ వీడియో మళ్ళీ చూడబుద్ధి కాలేదు. మా వాడు పంపిన ఆరిట్లో మూడోది అదే.

రూల్స్ మారాయి. 2010 నుంచి రక్షించుకోలేని స్థితిలో ఉన్న రిసీవర్ తలమీద కొట్టేవాళ్ళ మీద జరిమానాలు పెరిగాయి. 2018 నుంచి తల దించి హెల్మెట్‌తో గుద్దితే పదిహేను గజాల శిక్ష. పాత ఆటగాళ్ళు ఆట మెత్తబడిపోయిందంటారు. నా లెక్కలో ఆట కష్టమైంది. ఇదివరకు అరసెకను ఆలస్యంగా వచ్చిన సేఫ్టీ ఒక దెబ్బతో ఆ ఆలస్యాన్ని కప్పిపుచ్చుకునేవాడు. ఇప్పుడు కుదరదు. ముందే అక్కడ ఉండాలి. సియాటిల్ జట్టే 2014లో, తల పక్కకి పెట్టి రగ్బీ పద్ధతిలో భుజంతో ఎలా పట్టాలో చూపిస్తూ కోచ్‌ల కోసం ఒక వీడియో విడుదల చేసింది. ప్రపంచం వాళ్ళ దెబ్బల వీడియోలు పంచుకుంటున్న రోజుల్లో వాళ్ళు మాత్రం పట్టడం నేర్పుతున్నారు.

అయితే కాచేవాడు క్షేమంగా ఉంటాడని కూడా అనలేను. ఎడ్ రీడ్ మెడ నరం నొక్కుకుపోయిన బాధతోనే చాలా సీజన్లు ఆడాడు. 2023 జనవరి 2న సిన్సినాటిలో బఫలో సేఫ్టీ డమార్ హామ్లిన్ మామూలు టాకిల్ ఒకటి చేసి, లేచి, కుప్పకూలాడు. గుండె ఆగింది. మైదానంలోనే ఛాతీ నొక్కి బతికించారు. తర్వాత మళ్ళీ ఆడాడు కూడా. ఆ టాకిల్‌లో క్రౌర్యం ఏమీ లేదు, రూల్ తప్పింది ఏమీ లేదు. ఎవరో ఒకరు ఎదురెళ్ళి ఆపకపోతే ఈ ఆటే లేదు. అంచేత కొట్టడం చెడ్డ, కాయడం మంచి అని తేల్చి చేతులు దులుపుకోలేం. అవసరమైన తాకిడి ఒకటి, కెమెరా కోసం చేసే తాకిడి ఒకటి. ఆ రెండిటికీ తేడా తెలుసుకోగలగడమే ఈ ఆట చూడటం రావడమంటే. నాకు అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కిందటి నెల మేనల్లుడికి ఒక వీడియో పంపాను. ఎడ్ రీడ్‌ది, పైనుంచి తీసింది, తొమ్మిది సెకన్లు. క్వార్టర్‌బ్యాక్ వెనక్కి అడుగులేస్తాడు, దూరంగా చూస్తాడు, చెయ్యి ఎత్తుతాడు, దించేస్తాడు, చివరికి పక్కనున్నవాడికి మూడు గజాల బంతి ఇచ్చి ఊరుకుంటాడు.

"మామా, ఇందులో ఏం అవ్వలేదు" అన్నాడు.

"వాడు చెయ్యి ఎందుకు దించాడో చూడు" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. మళ్ళీ మళ్ళీ చూస్తున్నట్టున్నాడు. ఇంతలో మా అక్క ఫోన్ లాక్కుంది. "అవన్నీ సరేలేరా, పిల్లాడికి దెబ్బలు తగలవు కదా?" అంది.

ఇంత రాసినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకి తగలవని చెప్పలేకపోయాను. "తగుల్తాయక్కా. తల మాత్రం అడ్డం పెట్టొద్దని రోజూ చెప్పు" అన్నాను.